ఊపిరితిత్తుల్లో చిన్న కణికలు

ఊపిరితిత్తిలో మూడు సెంటీమీటర్లకు మించకుండా గుండ్రంగా కనిపించే మచ్చను వైద్యులు నాడ్యూల్ లేదా కణిక అంటారు. అంతకు మించితే గడ్డ. రిపోర్టులో ఆ మాట చూడగానే ఇంటిల్లిపాదికీ క్యాన్సరే గుర్తొస్తుంది. నిజానికి స్కాన్‌లో బయటపడే చిన్న కణికల్లో చాలా భాగం క్యాన్సర్ కావు.

వీటి చరిత్ర క్షయతో ముడిపడి ఉంది. క్షయ రక్తంలో కలిసి పాకితే ఊపిరితిత్తుల నిండా సన్నని చుక్కలు పుడతాయి. 1700లో జెనీవా వైద్యుడు మాంజే వాటిని చిరుధాన్యపు గింజలతో పోల్చాడు. ‘మిలియరీ’ క్షయ అన్న పేరు అలా వచ్చింది. అనంతపురం పల్లెల్లో చేటలో కొర్రలు పోసి చెరిగినవారికి ఆ పోలిక విడమరచి చెప్పనక్కర్లేదు. 1895లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనుగొన్నాక ఆ చుక్కలు బతికున్న మనిషిలోనే కనబడసాగాయి.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయ ఆసుపత్రి మొదలైంది. దాని తొలి అధిపతి డెన్మార్క్ దేశస్థుడు డాక్టర్ ఫ్రిమోట్ మోలర్. ఆయన, డాక్టర్ బార్టన్ 1940లో ఒక విచిత్రమైన జబ్బును వర్ణించారు. దగ్గు, ఆయాసం, ఎక్స్‌రేలో చుక్కలు, అన్నీ క్షయలాగే ఉన్నాయి. కఫంలో మాత్రం క్షయ క్రిమి లేదు, రక్తంలో ఇయోసినోఫిల్ కణాలు విపరీతంగా పెరిగాయి. 1943లో వైన్‌గార్టెన్ దీన్నే ట్రాపికల్ ఇయోసినోఫిలియా అన్నాడు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగులకు ఒళ్లు తిరగబడటమే దీనికి మూలమని తర్వాత తేలింది. మచ్చను చూసి జబ్బు పేరు పెట్టకూడదని రాయలసీమ గడ్డ మీదే అంత స్పష్టంగా రుజువైంది.

1971లో ఇంజినీరు హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో లండన్‌లో తొలి రోగికి సీటీ స్కాన్ తీశారు. ఎక్స్‌రేకు అందని కణికలు క్రమంగా సీటీలో దొరకసాగాయి. 2011లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, బాగా పొగతాగినవారికి ఏటా తక్కువ మోతాదు సీటీ తీస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అయితే అనుమానం రేపిన ఫలితాల్లో 96 శాతానికి పైగా క్యాన్సర్ కానివే.

ఛాతీ స్కాన్ నిపుణుల సంఘమైన ఫ్లైష్నర్ సొసైటీ 2017 సూచనల ప్రకారం ముప్పు తక్కువున్నవారిలో 6 మిల్లీమీటర్లలోపు, అంటే ఇంచుమించు కందిగింజకు మించని గట్టి కణికకు మళ్లీ స్కాన్ అక్కర్లేదు. 35 ఏళ్లలోపు వారికి, క్యాన్సర్ రోగులకు, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ఈ సూచనలు వర్తించవు. పైగా మానిన క్షయ మచ్చలు సున్నం పట్టి కణికలుగా మిగిలిపోవడం మన దేశంలో మామూలే.

అసలు తేల్చేది ఎదుగుదల. 8 మిల్లీమీటర్ల కణిక 10కి చేరితే దాని ఘనపరిమాణం దాదాపు రెట్టింపైనట్టే. గట్టి కణిక రెండేళ్లు కదలకుండా ఉంటే సాధారణంగా హానిలేనిదిగా లెక్క. పాతదానితో పోల్చనిదే ఈ సంగతి తేలదు కాబట్టి పాత ఎక్స్‌రేలు, సీటీ ఫిల్ములు పారేయకుండా దాచి, డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లాలి.