గాలి వడపోతయు, దాని కొలతయు

వేసవి వచ్చినంతనే మా తాతగారు వీథిగుమ్మమునకు వట్టివేళ్ల తడిక కట్టించెడివారు. అల్లువానికి నోటిమాటగా కొలత చెప్పుట ఆయన యెరుగరు. కొబ్బరియీనెతో గుమ్మమును తామే కొలిచి, ఆ యీనెనే వాని చేతికిచ్చెడివారు. తడిక రెండంగుళములు తక్కువైనచో వడగాలి తడివేళ్లను విడిచి ఆ సందుననే దూరునని వారి మాట. ఇది 1960ల నాటి సంగతి. పెద్దలారా, మీలో పలువురకు అనుభవమే. నేడు పల్లెయిండ్లకును శీతలయంత్రము వచ్చినది. దానిలో గాలిని వడగట్టు ఫిల్టరును గూర్చి రెండుమాటలు మనవి చేసెదను.

ఈ యంత్రము మనుష్యుల సుఖమునకై పుట్టినది కాదు. 1902లో అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటమున, చెమ్మకు కాగితము సాగుచు ముడుగుచు నుండుటచే, ఒకదానిపై నొకటి వేయు రంగులు చోటు తప్పుచుండెను. దానికి ఉపాయము పన్నినవాడు విల్లిస్ క్యారియర్ అను ఇరువదియైదేండ్ల యింజనీరు. 1906లో ఆయన పేటెంటు పొందిన యంత్రము నీటితుంపరల నడుమ గాలిని నడపి, చెమ్మను సరిచేయుటయే గాక ధూళిని గూడ కడిగెడిది. నేటి యింటియంత్రములలో తుంపర లేదు. చల్లని గొట్టపుచుట్టల మీదుగా గాలి పోవును. ధూళి వానిపై పేరుకొనును. అందుచే దారికి అడ్డముగా ఫిల్టరును నిలిపిరి. అది మొదట కాపాడునది యంత్రమును. మన యూపిరితిత్తులను ఆ తరువాత.

2017 వేసవిలో నేను టెక్సాసులో మా పెద్దవాని యింట నుంటిని. అచ్చట ఇల్లంతటికి ఒకటే యంత్రము, రెండున్నర టన్నులది. గాలి వీచుచుండెను గాని యిల్లు చల్లబడదు. మరమ్మతుకు వచ్చినవాడు మూత తెరవగా చుట్టలపై మంచును, మంచుక్రింద బూజువలె దుమ్మును కనబడెను. తప్పు మావానిదే. పాత ఫిల్టరును టేపుతో కొలువగా పందొమ్మిదిన్నర, ఇరువదినాలుగున్నర అంగుళములు వచ్చెనట. భిన్నములను విడిచినాడు! పందొమ్మిది అంగుళములది అంగడిలో లేనందున ఇరువది తీసికొనెను. ఇరువదినాలుగు దొరకెను గనుక దానినే కొనెను.

అట్టపై ముద్రించునది పేరుకొలత. గాడిలో సులువుగా జారుటకై అసలు చట్రమును పావంగుళమో అరంగుళమో తగ్గించి చేయుదురు. కావున పాతదానిని కొలిచినచో భిన్నమును పైకి సరిచేయవలెను, క్రిందికి గాదు. గాడినే కొలుచుట అంతకన్న మేలు. అరంగుళపు సందును గాడియంచు కప్పును. మావాడు తెచ్చినది ఒకటిన్నర అంగుళము తక్కువై, ధూళి ఆ సందుననే నడచెను. తాతగారి తడిక నాకు జ్ఞప్తికి వచ్చెను.

వైశాల్యమునకును లెక్క కలదు. టన్నుకు నిమిషమునకు సుమారు 400 ఘనపుటడుగుల గాలి. ఫిల్టరుపై దాని వేగము నిమిషమునకు 300 అడుగులు మించకుండుట మంచిది. రెండున్నర టన్నులకు 1000 ఘనపుటడుగులు. మూడుంబావు చదరపుటడుగులకు కొంచెము పైగా కావలెను. ఇరువదికి ఇరువదియైదు చట్రము దాదాపు మూడున్నర. మరీ సన్నని వడపోతయైనచో కొలత సరియైనను గాలి ఆడక మరల మంచు కట్టును.

మన గోడయంత్రములలోనిది కడిగి తొడుగు వల. దానికి ఈ యెంపిక లేదు. చినిగినచో ఆ నమూనాదే తెప్పింపవలెను, కత్తిరించి అమర్చరాదు.

ఆ సాయంకాలమే మావాడు 20×25ది తెచ్చెను. చట్రముపై బాణపుగుర్తు యంత్రమువైపు త్రిప్పి తొడిగి, నాలుగంచులు నన్ను తడిమి చూడుమనెను.