అయిదు ఆంపియర్ల ఇల్లు

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 1920 ప్రాంతంలో థర్మల్ కేంద్రం వెలిశాక హైదరాబాద్‌లో కరెంటు విస్తరించింది. ఊళ్ల సంగతి వేరు. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడేనాటికి చాలా గ్రామాల్లో ఇంకా లాంతరే దిక్కు.

కరెంటు వచ్చిన ఇంట్లోనైనా వాడకమెంత? నాలుగు బల్బులు, ఒక రేడియో, కలిగినవారికైతే ఓ ఫ్యాను. చెక్క బద్దల మీద తీగలు, గుమ్మం పక్కన మీటరు బోర్డు, దానికింద అయిదు ఆంపియర్ల పింగాణీ ఫ్యూజు. 230 వోల్టుల దగ్గర అయిదు ఆంపియర్లంటే సుమారు 1,150 వాట్లు. ఆ రోజులకు అది ధారాళమే.

ఇప్పుడు ఒక్క గీజరే 2,000 వాట్లు లాగుతుంది. దానికి టన్నున్నర ఏసీ, ఇస్త్రీపెట్టె తోడైతే 20 ఆంపియర్లు! ఫ్యూజు పోయినప్పుడల్లా లావు తీగ చుట్టడం మనవాళ్లకు పాత అలవాటు. ఫ్యూజు నిలుస్తుంది, గోడలో తీగ కాలుతుంది. ఇంతకన్నా ప్రమాదకరమైన పొదుపు లేదు.

ఎలక్ట్రానిక్ మీటర్లు వచ్చాక గరిష్ఠ వాడకం నమోదవుతోంది. అది మీ కనెక్షన్‌కు మంజూరైన లోడును తరచూ దాటుతుంటే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి. అంతకుముందు ఇంటి వైరింగు, ఎర్తింగు ఆ భారం మోయగలవో లేవో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి.