ఆదాయం తెచ్చే ఆటకే అగ్రపీఠమా?

1976 మార్చి 3న అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో పడవ పందేల జట్టుకు చెందిన 19 మంది యువతులు క్రీడాధికారి గదిలోకి వెళ్లి పై దుస్తులు విప్పి నిలబడ్డారు. వారి ఒంటిమీద నీలి సిరాతో ‘టైటిల్ నైన్’ అని రాసి ఉంది. సాధన ముగిశాక పురుషులు వేడినీళ్ల స్నానం చేసేవారు. స్త్రీలకు ఆ వసతి లేదు. తడి బట్టలతో బస్సులో వణుకుతూ వారికోసం ఎదురుచూసేవారు. న్యూయార్క్ టైమ్స్ ఈ నిరసనను దేశానికి చాటింది.

ప్రభుత్వ నిధులు పొందే విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించిన 1972 నాటి నిబంధనే టైటిల్ నైన్. అందులోని కీలక వాక్యంలో క్రీడల ఊసే లేదు. అయినా అది తమ ఖజానాకు గండి కొడుతుందని మొదట బెంబేలెత్తినవారు ఫుట్‌బాల్ పెద్దలే. ఆదాయం తెచ్చే ఆటలను లెక్కలోంచి మినహాయించాలని 1974లో టెక్సాస్ సెనేటర్ జాన్ టవర్ సవరణ తెచ్చారు. సెనేట్ ఆమోదించినా ఉభయ సభల సంఘం దాన్ని తొలగించింది. కానీ 1975 నిబంధనలు స్త్రీ పురుష జట్లపై మొత్తం వ్యయం సమానంగా ఉండాలని కోరలేదు. ఆ సందు చాలింది.

ఇంతకీ ఆదాయమంటే ఏమిటి? చాలా విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాలు విద్యార్థుల రుసుములూ సంస్థ సాధారణ నిధులూ లేనిదే నడవవు. (అక్కడ చదివే మన పిల్లలు ఎన్నడూ చూడని ఆటకు కూడా రుసుము కడుతుంటారు.) వృత్తి ఫుట్‌బాల్ జట్టుకు 53 మంది చాలగా, అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాలు నిన్నమొన్నటి దాకా 85 ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్‌లు ఇచ్చాయి. దాని జోలికి పోకుండా పురుషుల కుస్తీ, జిమ్నాస్టిక్స్ జట్లను రద్దుచేసి, నెపం స్త్రీల చట్టం మీద నెట్టిన సంస్థలు ఎన్నో. పేద ఆటల మధ్య పెట్టిన తగవు ఇది.

2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఒక ఒప్పందాన్ని ఆమోదించారు. దాని ప్రకారం తొలి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయం క్రీడాకారులకు సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. ఈ చెల్లింపులకు టైటిల్ నైన్ వర్తిస్తుందని జనవరిలో బైడెన్ ప్రభుత్వ విద్యాశాఖ చెప్పింది. ఫిబ్రవరిలో ట్రంప్ ప్రభుత్వం ఆ మాటను ఉపసంహరించుకుంది. నాడు చట్టసభలో ఓడిన టవర్ కోరిక నేడు ఓటింగు లేకుండానే నెరవేరుతున్నట్లుంది. ఒప్పందంలోని 280 కోట్ల డాలర్ల పాత పరిహారంలో దాదాపు 90 శాతం ఫుట్‌బాల్, పురుషుల బాస్కెట్‌బాల్ ఆటగాళ్లదే. దీనిపై కొందరు క్రీడాకారిణులు ఆ జూన్‌లోనే అప్పీలు చేశారు.