కొండలు, కడలి, పంట: ప్రాచీన గ్రీసు, జపాన్ సమాజాల తులనాత్మక పరిశీలన

ప్రాచీన గ్రీసు, జపాన్ దేశాల నైసర్గిక స్వరూపంలో సామ్యం స్పష్టం. రెండింటా పర్వతాలు అధికం, సాగుభూమి స్వల్పం, సముద్రం సమీపం. అయినా గ్రీకులు వందలాది స్వతంత్ర నగర రాజ్యాలుగా జీవించగా, జపాన్‌లో ఒకే చక్రవర్తి ఆస్థానం నిలదొక్కుకొంది. కాబట్టి పర్వతాలే రాజకీయ విభజనకు కారణమన్న వాదం పునఃపరిశీలనార్హం.

ఈ భేదాన్ని పంటల స్వభావంలోనూ, సముద్రపు దూరంలోనూ వెతకాలి. గ్రీసులో బార్లీ, ఆలివ్, ద్రాక్ష ప్రధానంగా వర్షాధారాలు. ద్వీపాలు దగ్గరదగ్గరగా ఉన్న ఏజియన్ సముద్రం నౌకాయానానికి అనువైనది. ధాన్యం చాలని ఏథెన్స్ నల్లసముద్ర తీరం నుంచి దిగుమతి చేసుకొంది. కొరింత్ సిసిలీలో సిరక్యూస్‌ను స్థాపించింది. జపాన్‌లోని వరిసాగుకు ఉమ్మడి నీటిపారుదల అవసరమైంది. సుమారు 200 కి.మీ. వెడల్పున్న కొరియా జలసంధి దండయాత్రలను కష్టతరం చేసింది గాని, విద్యను అడ్డలేదు. అందువల్ల 7వ శతాబ్దిలో జపాన్ ఆస్థానం చైనా భూపంపిణీ, పన్నుల విధానాలను స్వేచ్ఛగా స్వీకరించగలిగింది. 710లో రాజధాని అయిన నారా నగరానికి చాంగాన్ నమూనా.

అయితే 1467లో మొదలైన ఓనిన్ యుద్ధం తర్వాత అదే జపాన్ యుద్ధప్రభువుల మధ్య శతాబ్ది పైగా చీలిపోయింది. అప్పటికి కొండలూ మారలేదు, కడలీ మారలేదు. భౌగోళిక స్థితి సమాజానికి అవకాశాలను, పరిమితులను ఏర్పరుస్తుంది. రాజ్య స్వరూపాన్ని మాత్రం ఆ పరిమితుల్లో పనిచేసిన వ్యవస్థలే నిర్ణయించాయి.