"అదర్స్" ఫోల్డరులో ఒక క్యాన్సరు

మన బగ్ ట్రాకర్లో "అదర్స్" అని ఒక క్యాటగిరీ ఉంటుంది చూశారా? ఎక్కడా ఇమడనిదల్లా అందులో పడేస్తాం, ఆ తర్వాత దాని మొహం ఎవడూ చూడడు. డాక్టర్లకీ అలాంటిదొకటుంది. లాలాజల గ్రంథుల క్యాన్సర్లలో ఏ రకమో తేలనివాటికి రిపోర్టులో "ఎడినోకార్సినోమా, ఎన్.ఓ.ఎస్." అని రాస్తారు. ఎన్.ఓ.ఎస్. అంటే నాట్ అదర్‌వైజ్ స్పెసిఫైడ్. అచ్చ తెలుగులో... ఏదో ఒకటి అని :)

గవదబిళ్ళలు వచ్చినప్పుడు చెవి ముందు వాచేదే ఈ గ్రంథుల్లో పెద్దది, పరోటిడ్. దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత, ఇవికాక నోరంతా చిన్నచిన్నవి వందల్లో ఉంటాయి. వీటికి క్యాన్సర్ రావడమే అరుదు. అందులో మళ్ళీ ఇరవై పైచిలుకు రకాలు! ఇక ఒక్కో రకాన్ని నాలుగైదు సార్లు చూసిన డాక్టరు దొరకాలంటే ఎంత కష్టమో ఆలోచించండి.

చెక్ దేశంలో పిల్‌సెన్ అనే ఊరుంది (అవును, బీరు ఊరే). అక్కడి పెథాలజిస్టు అలెనా స్కాలోవా, తోటివాళ్ళు కలిసి 2010లో 16 కేసులతో ఒక పేపరు వేశారు. చూడ్డానికి ఎసినిక్ సెల్ కార్సినోమాలా ఉన్నాయి గానీ పూర్తిగా అది కాదు. రొమ్ములో అరుదుగా వచ్చే సెక్రెటరీ కార్సినోమాని మాత్రం అచ్చు గుద్దినట్టున్నాయి. ఆ రొమ్ము క్యాన్సర్లో 12వ క్రోమోజోము మీది ఈటీవీ6 అనే జీను, 15వ దాని మీది ఎన్‌టీఆర్‌కే3 అనే జీను తెగి అతుక్కుంటాయని 2002లోనే తెలుసు. ఇక్కడ వెతికితే ఇక్కడా అదే అతుకు! పెరగమని చెప్పే స్విచ్చి ఆన్‌లోనే ఇరుక్కుపోయిందన్నమాట.

ఆ తర్వాత చాలా ల్యాబుల్లో బీరువాల్లో దాచిన పాత మైనపు దిమ్మలు బయటికి తీసి మళ్ళీ పరీక్షించారు. ఎసినిక్ సెల్ అనీ, ఎన్.ఓ.ఎస్. అనీ చీటీ అంటించినవాటిలో కొన్ని ఇవేనని తేలింది. మనమైతే ఆరు నెలలకే లాగ్స్ డిలీట్ కొట్టేస్తాం. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జాబితాలో దీనికి సెక్రెటరీ కార్సినోమా అనే పేరు ఖాయం చేసింది.

పేరు మారితే రోగికి ఒరిగేదేంటి అంటారా? 2018లో లారోట్రెక్టినిబ్ అనే మందుకి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఏ అవయవం అన్నది చూడదు, ఎన్‌టీఆర్‌కే అతుకుంటే చాలు. ఆ మందు పరీక్షించిన 55 మందిలో 12 మంది లాలాజల గ్రంథుల వాళ్ళే, అన్నిటికన్నా పెద్ద గుంపు. మొత్తమ్మీద 75 శాతం మందిలో గడ్డ బాగా తగ్గింది. రిపోర్టులో ఎన్.ఓ.ఎస్. అని రాసి ఊరుకుంటే ఆ మందు ఇవ్వాలన్న ఆలోచనే ఎవరికీ రాదు కదా.

అలాగని ఎన్.ఓ.ఎస్. అన్నవన్నీ ఇదేనని కాదు. ఇది అయినా, చాలామందికి ఆపరేషనుతోనే సరిపోతుంది. మందు కావలసింది పాకినవాళ్ళకి. వాళ్ళలోనూ కొందరికి కొన్నాళ్ళకి జీను మళ్ళీ మారి మందు పనిచెయ్యడం మానేస్తుంది. అలాంటివాళ్ళకీ పనికొచ్చే రెపోట్రెక్టినిబ్‌కి 2024లో అనుమతి దొరికింది.