ఆషాఢ గాలిలో అతుకు

నేను జాయింటర్‌గా పని నేర్చుకున్నప్పుడు అనంతపురంలో టెలిఫోన్ కేబులంటే రాగి తీగే. తర్వాత నేలలో ఫైబర్ పడింది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ రాష్ట్ర ప్రభుత్వ ఇంటర్నెట్ పథకం ఏపీ ఫైబర్‌ను ప్రారంభించారు; దాని తీగ కరెంటు స్తంభాల మీదుగా ఊళ్ళకు చేరింది.

ఫైబర్‌లో వెలుగు నడిచే కోర్ వెడల్పు సుమారు 9 మైక్రాన్లే. కళ్యాణదుర్గం దారిలో ఆషాఢ గాలి లేపే దుమ్ము ఫైబర్ కొసలను అతికే స్ప్లైసర్ వి-గాడిలో చేరితే రెండు కొసలూ ఎదురుపడవు. "గాలి నిలవనీ అప్పా" అనేవాడు మా మేస్త్రీ. స్పిరిట్‌తో తుడిచి, క్లీవర్ బ్లేడు తిప్పి మళ్ళీ కోసేవాళ్ళం.

వెలుగు నష్టం కొలిచే ఓటీడీఆర్‌లో అతుకు దగ్గర లాస్ ఎక్కువ చూపిందని వెంటనే అతుకు తెంపకూడదు. పాత ఫైబరుకు కొత్తది కలిస్తే ఒకవైపు నుంచి లాస్, మరోవైపు నుంచి వెలుగు పెరిగినట్టూ కనిపించవచ్చు. రెండు చివర్ల కొలతల సగటే నిజం.

అతుకు సరిగ్గా పడాలంటే పనివాళ్ళకు గాలి ఆపే చిన్న గుడారమైనా ఇవ్వండి.