బేసింగ్‌స్టోక్‌లో ఇంటి ముందే కారు వెనక సస్పెన్షన్ బోల్టులు మార్చుకోవడం

యుద్ధంలో దశరథుడి రథచక్రం శీల ఊడిపోతే కైకేయి తన వేలు అడ్డుపెట్టి రథాన్ని నిలబెట్టిందని మన పెద్దలు చెప్పే కథ అందరికీ తెలిసిందే. ఆ శీల వల్ల రెండు వరాలు, ఆ వరాల వల్ల రామాయణం! చక్రాన్ని పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క విలువ అంతటిది. మన కార్ల వెనక సస్పెన్షన్ బోల్టుల సంగతీ అంతే. అవి ఎందుకు పట్టేస్తాయి, ఇంటి దగ్గర ఎలా మార్చుకోవాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నవి ఈ వ్యాసంలో చూద్దాం.

బేసింగ్‌స్టోక్‌కు బళ్ళతో పాత చుట్టరికమే ఉంది. 1898లో ఇక్కడ మొదలైన థార్నిక్రాఫ్ట్ కర్మాగారంలో తయారైన లారీలను ఇప్పటికీ మైల్‌స్టోన్స్ మ్యూజియంలో చూడవచ్చు. దారిలో ఆగిపోయిన కార్లను ఆదుకునే ఏఏ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా ఈ ఊళ్ళోనే ఉంది.

ఏ కారు, ఏ బోల్టులు?

ఉదాహరణకు సుబారు ఇంప్రెజా టర్బోను తీసుకుందాం. ఈ కారుతో 1995లో కోలిన్ మెక్‌రే, 2001లో రిచర్డ్ బర్న్స్, 2003లో పెటర్ సోల్బర్గ్ ప్రపంచ ర్యాలీ ఛాంపియన్లయ్యారు. ఆ జట్టును నడిపింది ఇక్కడికి ఉత్తరాన ఉన్న బాన్‌బరీలోని ప్రోడ్రైవ్ సంస్థ. అందుకే ఈ దేశంలో పాత ఇంప్రెజాలంటే నేటికీ మోజు.

మొదటి రెండు తరాల ఇంప్రెజాల్లో వెనక ఒక్కో చక్రాన్ని ఒక స్ట్రట్, రెండు అడ్డ లింకులు, ఒక ట్రెయిలింగ్ లింకు పట్టి ఉంచుతాయి. చక్రం వైపున ఒకే పొడవాటి బోల్టు రెండు అడ్డ లింకులనూ కలుపుతూ హబ్‌లోంచి దూరి వెళ్తుంది. అందరినీ ఏడిపించేది ఈ బోల్టే. ఇక లోపలి వైపు ఉండే ఒక బోల్టుకు, మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగిన గుండ్రటి పళ్ళెం ఉంటుంది. దాన్ని తిప్పితే చక్రం దిశ మారుతుంది.

ఎందుకు పట్టేస్తాయి?

ప్రతి లింకు చివరా రబ్బరు బుష్, దాని మధ్యలో ఇనుప గొట్టం, ఆ గొట్టంలోంచి బోల్టు ఉంటాయి. బోల్టును బిగిస్తే గొట్టం బ్రాకెట్ మధ్య కదలకుండా ఉండిపోతుంది. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు మెలితిరిగేది రబ్బరు మాత్రమే. శీతాకాలంలో మంచు పట్టకుండా రోడ్లపై చల్లే ఉప్పు వాననీటితో కలిసి ఆ గొట్టంలోకి చేరుతుంది. కొన్నేళ్ళకు బోల్టు, గొట్టం తుప్పుతో ఒకటైపోతాయి. విశాఖ బీచ్ రోడ్డులో బండి ఉంచినవాళ్ళకు ఈ తుప్పు సంగతి చెప్పనక్కరలేదు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏటేటా చేయించే ఎంఓటీ పరీక్షలో అరిగిన బుష్షులు, వదులైన కీళ్ళు దొరుకుతాయి. గట్టిగా పట్టేసిన బోల్టు మాత్రం దొరకదు, ఎందుకంటే అది వదులుగా లేదు కదా! అది బయటపడేది అలైన్‌మెంట్ సరిచేయబోయినప్పుడే.

ముందు ప్రాణం, తర్వాత కారు

చదునైన గట్టి నేల మీదే ఈ పని చేయాలి. గులకరాళ్ళ డ్రైవ్‌వే, వాలు నేల పనికిరావు. చాలా కార్లలో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం ఎత్తగానే దానివల్ల ప్రయోజనం ఉండదు. కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డుకట్టలు పెట్టండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. కారు తయారీదారు చూపిన చోట్ల రెండు యాక్సిల్ స్టాండ్లు పెట్టి, కారును ఒకసారి గట్టిగా ఊపి చూసి, ఆ తర్వాతే కిందికి దూరండి. ఇటుకలు పెట్టవద్దు, నలిగిపోతాయి. ఇంట్లో ఎవరికైనా చెప్పి మొదలుపెట్టండి.

విప్పడం

పనికి రెండు మూడు రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనెను రోజూ కొట్టండి. పక్కకు జరిగిన పళ్ళెం ఉన్న బోల్టుకు, దాని బ్రాకెట్‌కు కలిపి పెయింటుతో గీత గీసి, ఫోటో తీసుకోండి. ఆరు పలకల సాకెట్, పొడవాటి బ్రేకర్ బార్ వాడండి. పన్నెండు పలకల సాకెట్ తుప్పుపట్టిన తలను గుండ్రంగా అరగదీస్తుంది. బోల్టు తలను కదలకుండా పట్టుకుని నట్టును తిప్పండి.

నట్టు ఊడినా బోల్టు రాకపోతే సుత్తితో మోదకండి, మర చెడిపోతుంది. వేడి చేయాలనుకుంటే పెట్రోల్ ట్యాంకు, బ్రేకు గొట్టాలు ఎంత దగ్గర ఉన్నాయో చూసుకోండి. చల్లిన నూనె కూడా అంటుకుంటుంది. ఇంటి దగ్గర మంట జోలికి పోకపోవడమే మేలు. ఇక మిగిలింది బుష్‌కూ బ్రాకెట్‌కూ మధ్య కరెంటు రంపంతో కోయడం. కోశారంటే బుష్షు, కొన్నిసార్లు లింకు కూడా కొత్తవి కావాలి. అందుకే ఆ సామాను చేతికి వచ్చాకే పని మొదలుపెట్టండి. లేకపోతే సోమవారం ఆఫీసుకు బస్సే గతి.

కొత్త బోల్టు ఎంపిక

తయారీదారు ఇచ్చే బోల్టు, నట్టు, పళ్ళెం అన్నీ కొత్తవే వేయండి. బోల్టు తల మీద 10.9 అని ఉంటే దాన్ని తెంపడానికి చదరపు మిల్లీమీటరుకు సుమారు 1000 న్యూటన్ల బలం కావాలి, అందులో 90 శాతం దాకా సాగిపోకుండా తట్టుకుంటుంది అని అర్థం. తుప్పు పట్టదు కదా అని మామూలు స్టెయిన్‌లెస్ బోల్టు వేస్తే ఆ బలం 700 దగ్గరే ఆగిపోతుంది. చూడ్డానికి మెరిసేది వేరు, చక్రాన్ని మోసేది వేరు.

బిగించడం

బోల్టు మధ్య భాగానికి పల్చగా గ్రీజు రాయండి, మరకు మాత్రం రాయవద్దు. మర జారుడుగా ఉంటే అదే టార్కుకు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. చక్రం వేలాడుతూ ఉండగా పూర్తిగా బిగించడం అందరూ చేసే తప్పు. అలా చేస్తే కారు దించగానే రబ్బరు మెలితిరిగిపోయి త్వరగా చిరుగుతుంది. ముందు చేతితో బిగించి, హబ్ కింద జాకీ పెట్టి, చక్రం నేల మీద ఉన్నప్పటి ఎత్తుకు తెచ్చాక, మీ మోడల్ సర్వీసు పుస్తకంలోని అంకె ప్రకారం టార్క్ రెంచితో బిగించండి. బిగించిన ప్రతి నట్టు మీదా పెయింటు గీత పెడితే, తర్వాత కదిలిందో లేదో చూడగానే తెలుస్తుంది.

తర్వాత

నెమ్మదిగా నడుపుకుంటూ నేరుగా నాలుగు చక్రాల అలైన్‌మెంట్‌కు వెళ్ళండి. పాత గీత దగ్గరే బిగించినా సరే, ఇది తప్పదు. వెనక చక్రం దిశ కొంచెం తప్పినా వానలో మలుపు తిరిగేటప్పుడు కారు తోక జాడిస్తుంది. రౌండబౌట్లకు పేరుపడ్డ మన ఊళ్ళో ఆ సంగతి మొదటి రోజే తెలిసిపోతుంది! యాభై మైళ్ళు తిరిగాక టార్కు మళ్ళీ చూడండి. రబ్బరు బదులు పాలియురేతేన్ బుష్షులు వేస్తే ఇన్సూరెన్స్ వారికి చెప్పండి.

ఎక్కడ ఆగాలి?

బ్రాకెట్ చుట్టూ రేకు తుప్పుతో పొరలు పొరలుగా ఊడుతున్నా, మర చెడినా, టార్క్ రెంచి లేకపోయినా ఆగిపోండి. ప్రమాదకర స్థితిలో ఉన్న బండిని రోడ్డెక్కిస్తే ఈ దేశంలో 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సుపై 3 పాయింట్లు పడవచ్చు. సగం విప్పిన కారును ట్రక్కు మీద గ్యారేజీకి పంపడం నామోషీ ఏమీ కాదు. వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే. ఆ శీల దగ్గర వేలు పెట్టడానికి ఏ కైకేయీ రాదు.